నేను కొట్టివేసిన చలికాలపు వరదలు

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మేం వెళ్ళే తెలుగు చర్చిలో షారన్ అనే అమ్మాయి ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఈ మధ్యే ఆమెకు ఉత్తరాది అడవుల్లో నీళ్ళు కొలిచే ఉద్యోగం వచ్చింది. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "ఆంటీ, మీరు చాలా ఇయర్స్ చేశారు కదా, ఆ జాబ్ రియల్‌గా ఎలా ఉంటది?" అని అడిగింది. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు వేసుకోవాలని, చలికి పెన్ను గడ్డకడుతుంది కనక పెన్సిలే వాడాలని చెప్పాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే, అసలు చెప్పవలసింది చెప్పలేదనిపించింది. ఆ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పొకటి ఉంది. దానివల్ల ఒక మనిషి కాలు పోయింది, ఇంకో మనిషి పేరు కొంత దెబ్బతింది. నాకు ఆ వృత్తి గురించి తెలిసినదాంట్లో చాలాభాగం ఆ తప్పు దగ్గర తెలుసుకున్నదే. అందుకని ఇది రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి, నేను నింపిన ఫారాల గురించి ఇందులో ఏమీ ఉండదు.

రెండు వాగులు

మాది బాపట్ల దగ్గర ఇసుక నేల. వాల్తేరులో భూభౌతిక శాస్త్రం చదివి, పెళ్ళయ్యాక మావారు ప్రభాకర్‌తో అమెరికా వచ్చాను. ఆయన లెక్కల మాస్టారు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రపు ఉత్తర కొసన, కెనడా సరిహద్దుకు దగ్గర్లో, ఒక చిన్న ఊళ్ళో ఆయనకు హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. ఆ ఊరి పైన కొండల్లో అడవి మీద పరిశోధన చేసే కేంద్రం ఒకటి ఉండేది. ఇక్కడ మాస్టర్స్ పూర్తిచేసి, డెబ్బైల చివర నేనందులో చేరాను.

ఆ కేంద్రంలో పక్కపక్కనే రెండు వాగులున్నాయి. ఒక వాగు చుట్టూ ఉన్న చెట్లన్నిటినీ నేను చేరకముందే నరికేశారు. రెండో వాగు చుట్టూ అడవిని ముట్టుకోలేదు. చెట్లు పోతే నీళ్ళకు ఏమవుతుందో ఆ రెంటినీ పోల్చి తెలుసుకోవడం మా పని. ఒక్కో వాగుకూ అడ్డంగా కాంక్రీటు గోడ, గోడ నడుమ ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో కోత. నీళ్ళు ఆ కోతలోంచే పడాలి. గోడ వెనక నీటిమట్టం తెలిస్తే ఎంత నీరు పోతోందో లెక్కగట్టవచ్చు. పక్కనే ఒక చెక్క గది, అందులో చిన్న బావి, బావిలో తేలే డబ్బా, దానికి తగిలించిన, చలికి గడ్డకట్టని సిరా పోసిన కలం. గడియారం తిప్పే కాగితం మీద ఆ కలం ఏడాది పొడుగునా గీత గీస్తూనే ఉంటుంది. నీళ్ళు పెరిగితే గీత లేస్తుంది, తగ్గితే దిగుతుంది.

ఉత్తరాది అడవిలో నీళ్ళు మన వైపులాగా వాన పడగానే పారవు. నవంబరు నుంచి కురిసిన మంచు చెట్ల కింద పేరుకుని ఏప్రిల్ దాకా అలాగే ఉంటుంది. ఏప్రిల్‌లో కరిగి మెత్తటి నేలలోకి మెల్లగా ఇంకుతుంది. మే నెలలో చెట్లు చిగురించి ఆ నీళ్ళే తాగుతాయి. మిగిలింది వేసవంతా ఊటగా వాగుకు చేరుతుంది. కనక జనవరి, ఫిబ్రవరి నెలల్లో వాగు దాదాపు కదలకుండా ఉండాలి. కాగితం మీద గీత సమంగా, కొద్దికొద్దిగా దిగుతూ పోవాలి. నేను చేరిన మొదటి వారంలో నాకు చెప్పింది ఇదే. వాగు అలా ఉండాలి అన్నదాన్ని వాగు అలా ఉంటుంది అనుకోవడంతోనే నా తప్పు మొదలైంది.

లూసియన్

నాకు పని నేర్పినవాడు లూసియన్. ఆయన తాతలు కలప నరికే పనికి క్వెబెక్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ళు. నేను చేరేనాటికి ఆయనకు అరవై దగ్గరపడుతున్నాయి. హైస్కూలు మధ్యలోనే మానేసిన మనిషి. కేంద్రం పెట్టినప్పటి నుంచి కొలతలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి.

మొదటి చలికాలం మంచు కొలవడానికి నన్ను వెంటబెట్టుకు వెళ్ళాడు. కాళ్ళకు వెడల్పాటి మంచుచెప్పులు కట్టుకుని నడవాలి. దారి పొడుగునా నంబర్లు వేసిన కర్రలు పాతి ఉంటాయి. ప్రతి కర్ర దగ్గరా పొడుగాటి గొట్టాన్ని నేల తగిలేదాకా మంచులో గుచ్చి, మంచుతో సహా పైకి లాగి తూచాలి. బరువును బట్టి ఆ మంచు కరిగితే ఎంత నీరవుతుందో తెలుస్తుంది. ఒక కర్ర దగ్గర చెట్టొకటి అడ్డంగా కూలి ఉంది. నేను రెండడుగులు పక్కకు జరిగి, మంచు నున్నగా ఉన్నచోట గొట్టం దించాను. లూసియన్ అది చూశాడు. ఆఖరి కర్ర దాకా వెళ్ళాక నన్ను మళ్ళీ ఆ కూలిన చెట్టు దగ్గరికి నడిపించుకొచ్చి, కర్ర పక్కనే కొలిపించాడు. చెట్టు కూలిందని పుస్తకంలో రాయమన్నాడు. మంచి చోటు వెతుక్కోవడం మన పని కాదని, ఉన్నచోట ఉన్నది రాయడమే మన పనని చెప్పాడు. అంత దూరం వెనక్కి నడిపించినందుకు నాకు చాలా కోపం వచ్చింది.

ఆయనకు ఇంకో అలవాటుండేది. గడియారం ఆగిపోయి కాగితం మీద గీత లేకపోతే, ఆ రోజుల్ని ఖాళీగానే వదిలేవాడు. ముందురోజుకీ తర్వాతిరోజుకీ మధ్య ఏదో ఒక అంకె వేసి అతకడం ఆయనకు ఇష్టం లేదు. పై చదువులు చదివిన మాకు ఆ ఖాళీలు నచ్చేవి కావు.

శుభ్రమైన రికార్డు

మా కేంద్రానికి అధిపతి డాక్టర్ విట్కాంబ్. పొడుగ్గా, సన్నగా ఉండే మితభాషి. ఇంటర్వ్యూకి చీర మీద కోటు వేసుకుని వెళ్ళిన పరాయిదేశపు ఆడమనిషిని అడవి పనికి తీసుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తీసుకున్నది ఆయనే. ఆ కృతజ్ఞత నాకు చాలా ఉండేది. దాన్ని కూడా నా తప్పులో ఒక భాగంగానే లెక్కవేస్తాను.

ఎనభైల మొదట్లో పాత రికార్డునంతా కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆయన నాకప్పగించాడు. కాగితాల మీది గీతల్ని చదివి అంకెలుగా మార్చాలి. మార్చేటప్పుడు తప్పుల్ని ఏరెయ్యాలి. చలికాలంలో ముఖ్యమైన తప్పు ఐసు. గోడ కోతలో ఐసుగడ్డ అడ్డుపడితే వెనక నీళ్ళు ఎగదన్నుతాయి. వాగులో ప్రవాహం పెరగకపోయినా కలం పైకి లేస్తుంది. అలాంటి చోట్ల కలం గీసినదాన్ని కొట్టివేసి సమంగా దిగే గీత వేయడం ఆ వృత్తిలో అందరూ చేసేదే. అందులో దాపరికం ఏమీ లేదు.

చెట్లు నరికిన వాగులో జనవరి, ఫిబ్రవరి నెలల్లో కలం చాలాసార్లు పైకి లేచింది. వాటిని ఉంచాను. నీడ పోయింది కనక మంచు ముందే కరుగుతుంది, అది మేం ఎదురుచూస్తున్నదే. అడవి ఉన్న వాగులోనూ కలం లేచింది, అదీ అప్పటికి ఇటీవలి కొన్ని చలికాలాల్లో ఎక్కువగా. అక్కడ నీళ్ళు పెరగడానికి నాకు కారణం కనిపించలేదు. అయితే అది ఐసే అయి ఉంటుందనుకున్నాను. ఒకటొకటిగా అన్నిటినీ కొట్టివేశాను.

లూసియన్ పుస్తకంలో ఆ తేదీల్లో కొన్నిటి ఎదురుగా 'కోత శుభ్రం' అని రాసి ఉంది. నేను కొట్టివేసిన సంగతి తెలిసి ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు నేనక్కడే ఉన్నాను," అన్నాడు. "వాన పడింది. కోతలో ఐసు లేదు."

మీరు వెళ్ళింది ఉదయం, కలం లేచింది సాయంత్రం, మధ్యలో ఐసు పట్టి ఉండొచ్చు కదా అన్నాను.

"వాన పడుతుంటే ఐసెలా పడుతుంది?"

జనవరిలో ఆ ఎత్తున అంత వాన పడదని సగటు లెక్కలు తీసి చూపించాను. ఆయన ఆ కాగితం వైపు చూడలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండానే రిటైరయ్యాడు. వీడ్కోలు విందులో నాతో మర్యాదగా మాట్లాడాడు. అంతకుముందు చనువుగా మాట్లాడేవాడు.

నేను తయారుచేసిన రికార్డు చూసి విట్కాంబ్ సంతోషించాడు. రెండు వాగులకూ తేడా స్పష్టంగా కనిపించింది. చెట్లు నరికినచోట నీళ్ళు చలికాలంలోనే పోతున్నాయి, నరకనిచోట వసంతం దాకా ఆగుతున్నాయి. దాని మీద ఆయన ఒక పెద్ద వ్యాసం రాశాడు. నా పేరు కూడా పెట్టాడు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందని, భూమి వేడెక్కవచ్చని అప్పటికే శాస్త్రవేత్తలు రాస్తున్నారు. మా కేంద్రంలో అది కాఫీ తాగుతూ మాట్లాడుకునే విషయం. గీతలు చదివే బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండేది కాదు.

పల్చటి మంచు

ప్రతి ఏడాదీ చలికాలం చివర, కొండ కింద ఊళ్ళో రోడ్లు, వంతెనలు చూసే క్లిఫర్డ్ అనే ఆయన మా కేంద్రానికి వచ్చేవాడు. ఈసారి వాగు ఎంత లేస్తుందని అడిగేవాడు. నేను శుభ్రం చేసిన రికార్డు నుంచి ఒక పట్టిక తయారుచేశాను. మార్చి మొదట్లో మంచులో ఎంత నీరుందో చూస్తే, వసంతంలో వాగు ఎంత ఎత్తుకు లేస్తుందో ఆ పట్టిక చెబుతుంది. రెండు మూడేళ్ళు అది చెప్పినట్టే జరిగింది కూడా.

ఎనభైల నడుమ ఒక ఏడాది మంచు చాలా తక్కువ కురిసింది. కొన్ని కర్రల దగ్గర గొట్టం దించితే అంతలోనే నేల తగిలింది. ఆ ఏడాదే క్లిఫర్డ్ వంతెన బాగుచేయించాలనుకున్నాడు. వాగులో కొయ్య దూలాలతో మంచె కట్టి, దాని మీద నిలబడి పనిచేయాలి. మార్చిలోనే మొదలుపెట్టవచ్చా అని అడిగాడు. పట్టిక చూశాను. మంచు తక్కువ కనక నీళ్ళూ తక్కువే. పెద్ద వరద వచ్చే సూచన లేదని ఉత్తరం రాసి సంతకం చేసి ఇచ్చాను.

ఆ చలికాలం నేను చూసింది ఇంకోటి ఉంది. నేల ఎంత లోతుకు గడ్డకట్టిందో తెలుసుకోవడానికి, రంగునీళ్ళు నింపిన సన్నటి గొట్టాల్ని మట్టిలో దించేవాళ్ళం. గడ్డకట్టినంత మేర ఆ నీళ్ళ రంగు పోతుంది. మామూలు ఏడాదిలో మంచు మందంగా కప్పి ఉంటే, పైన ఎంత చలి ఉన్నా కింద నేల మెత్తగానే ఉంటుంది. ఆ ఏడాది కప్పే మంచు లేదు కనక, చలి తిన్నగా నేలలోకి దిగింది. గొట్టాలు చాలా లోతు దాకా రంగు పోయి ఉన్నాయి. ఆ లోతులు నా చేత్తో నేనే పుస్తకంలో రాశాను. కానీ నా పట్టికలో వాటికి చోటు లేదు. ఉత్తరం రాసేటప్పుడు నేను చూసింది పట్టిక.

మార్చి నడుమ వెచ్చటి వాన పట్టుకుంది. ఒక పగలు, ఒక రాత్రి ఆగకుండా కురిసింది. మర్నాడు పొద్దున నేను అడవి ఉన్న వాగు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు కోతలో పట్టక గోడ మీదుగా పొర్లుతున్నాయి. కోతలో ఐసు లేదు. నీళ్ళు తేటగా ఉన్నాయి. మట్టిలోకి దిగి వచ్చిన నీళ్ళకు ఒక రంగుంటుంది. ఇవి గడ్డకట్టిన నేల మీంచి, రాతి మీంచి జారినట్టు జారి వస్తున్నాయి. ఆ కొండ మీద పడ్డ వాన, ఉన్న కాస్త మంచు, అన్నీ కలిసి ఒక్కసారే దిగుతున్నాయి.

ఆఫీసుకు పరిగెత్తి క్లిఫర్డ్‌కి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. అప్పటికే ఆయన వంతెన దగ్గర ఉన్నాడు. మంచె మీది సామాను ఒడ్డుకు చేర్చడానికి నలుగురు వాగులో ఉండగా దూలాలు జారిపోయాయి. ముగ్గురు ఒడ్డెక్కారు. డేల్ అనే వడ్రంగి రెండు దూలాల మధ్య ఇరుక్కున్నాడు. బయటికి లాగేసరికి కుడికాలు నుజ్జయింది. ఆ వారంలోనే మోకాలి కింద తీసేశారు.

ఆసుపత్రిలో

వెళ్ళాలా వద్దా అని మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు ప్రభాకర్ కారు తీసి, ఎక్కమన్నారు.

డేల్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. నేనెవరో చెప్పాను. ఆ ఉత్తరం మీద సంతకం నాదేనని కూడా చెప్పాను. తిడతాడని సిద్ధపడే వెళ్ళాను. తిట్టలేదు.

"నేనా ఉత్తరం చూడలేదు," అన్నాడు. "అడవివాళ్ళు పరవాలేదన్నారని క్లిఫర్డ్ చెప్పాడు, అంతే." "కొండ మీద మంచే లేదు కదా. అన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?" అని అడిగాడు.

మంచు తక్కువైతే నేల గడ్డకడుతుందని, గడ్డకట్టిన నేల నీటిని తాగదని, వానంతా పైనుంచే పోతుందని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"నేల గడ్డకట్టిందని మీకు తెలుసా?"

"రాసుకున్నాను," అన్నాను. "దానర్థమేమిటో ఆలోచించలేదు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. నేను కొంతసేపు కూర్చుని వచ్చేశాను. క్షమించానని ఆయన అనలేదు. అనాలని నేను ఎదురుచూడకూడదని తర్వాత నాకర్థమైంది.

ఆ రోజు భోజనాల దగ్గర ప్రభాకర్‌కి అంతా మొదటి నుంచీ చెప్పాను. రికార్డు శుభ్రం చేయడం, లూసియన్ కోపం, పట్టిక. ఆయనకు వాగుల గురించి ఏమీ తెలియదు. లెక్కల మాస్టారు అడిగే ప్రశ్నే అడిగారు.

"కరుణా, ఐస్ వల్లే పెన్ను లేచిందనుకుంటే, కోల్డ్ ఎక్కువున్న వింటర్స్‌లో కదా ఎక్కువసార్లు లేవాలి? నువ్వు కొట్టేసినవి ఏ ఇయర్స్‌వి?"

"చూడలేదండీ," అన్నాను.

మర్నాడు చూశాను. గట్టి చలి ఉన్న ఏళ్ళలో నేను కొట్టివేసినవి చాలా తక్కువ. దాదాపు అన్నీ చలి తగ్గిన చలికాలాల్లోవే. ఐసు కోసం వెతికి, ఐసు తక్కువున్న ఏళ్ళలో ఐసును కనుక్కున్నాను. పైగా ఒకే రోజున రెండు వాగుల్లోనూ కలం లేస్తే, నరికిన వాగులో నిజమన్నాను, అడవి ఉన్న వాగులో అబద్ధమన్నాను. మంచు పల్చగా ఉన్నప్పుడు వాన పడి వాగు పొంగడం అంతకుముందే చాలాసార్లు జరిగింది. నేను వాటిని కొట్టివేసి, మిగిలినదాంతో పట్టిక చేసి, దాన్ని నమ్మి ఉత్తరం రాశాను.

లూసియన్ వంటింట్లో

కాగితాలన్నీ కేంద్రంలోనే భద్రంగా ఉన్నాయి. వాటిని మళ్ళీ చదవగలను. కానీ ఏది ఐసు, ఏది వాన అన్నది చెప్పగలిగిన మనిషి లూసియన్ ఒక్కడే. ఏప్రిల్ మొదటి వారంలో కాగితాల చుట్టలు, ఆయన రాసిన పుస్తకాలు కార్లో వేసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, చుట్టల్ని చూసి, లోపలికి రమ్మన్నాడు.

ఆ రోజు నేను మీ మాట వినాల్సింది అన్నాను.

"నా మాటెందుకు?" అన్నాడు. "పుస్తకంలో రాసి ఉంది కదా."

వంటింటి బల్ల మీద నాలుగు రోజులు పనిచేశాం. నేను గీత చూపించేదాన్ని కాదు, ముందు తేదీ చెప్పేదాన్ని. ఆయన పుస్తకం చూసి, ఆ రోజు ఏం చేశాడో, రోడ్డు ఎలా ఉందో గుర్తు తెచ్చుకుని చెప్పేవాడు. ఆ తర్వాత గీత చూసేవాళ్ళం. ఆయన అన్నిట్నీ వాన అంటాడనుకున్నాను. అలా అన్నా కాదనే స్థితిలో నేను లేను. రెండో రోజు ఒక తేదీ దగ్గర ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఐసే. గొడ్డలితో కొట్టి తీశాను. ఇది నువ్వు సరిగ్గానే కొట్టేశావు."

అలాంటివి ఇంకొన్ని వచ్చాయి. కొన్ని తేదీల దగ్గర మాత్రం ఆయన పుస్తకం మూసేసి, తెలీదన్నాడు. అవి మాకు చాలా ముఖ్యమైన తేదీలు. వాటిలో రెండు మూడు వాన అని తేలితే నా వాదన గట్టిపడేది. ఇంకాస్త ఆలోచించమని అడిగాను.

"తెలీదంటే తెలీదు. ఇప్పుడు నీకు వాన కావాలి, అప్పుడు ఐసు కావాల్సివచ్చింది."

అంతకంటే కటువైన మాట నా ఉద్యోగ జీవితంలో ఎవరూ నాతో అనలేదు. అంతకంటే నిజమైనదీ అనలేదు. ఆ తేదీల్ని ఖాళీగా వదిలేశాం.

విట్కాంబ్

కొట్టివేసినవి తిరిగి చేర్చిన రికార్డు తీసుకుని విట్కాంబ్ గదికి వెళ్ళాను. ఆయన వ్యాసం అప్పటికే అచ్చయి, నలుగురూ దాన్ని ఉదహరిస్తున్నారు. కొత్త రికార్డు ప్రకారం రెండు వాగుల మధ్య తేడా చాలావరకు తగ్గిపోయింది. నరకని వాగులోనూ నీళ్ళు చలికాలంలోనే పోవడం మొదలైంది. చెట్లు నరకడం వల్ల అని మేం రాసినదాంట్లో సగం, చెట్లతో సంబంధం లేకుండా జరుగుతున్నదే.

ఆయన కాగితాలన్నీ నిదానంగా చూశాడు.

"మీరు నిజంగా ఐసనుకునే కొట్టివేశారా, లేక నాకు నచ్చాలని కొట్టివేశారా?"

"ఐసనే అనుకున్నానండీ. కానీ అలా అనుకోవడం తేలికైంది. మీకు ఏం కావాలో నాకు తెలుసు కనక."

ఆయన నన్ను వెళ్ళమన్నాడు. రెండు వారాలు దాని ఊసెత్తలేదు. నన్ను తీసేస్తాడని, లేదా ఆ కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేస్తాడని అనుకున్నాను. రెండూ జరగలేదు. ఒక సోమవారం పిలిచి, తాను రాసిన సవరణ నా ముందు పెట్టాడు. ముందటి వ్యాసంలో ఏది తప్పో, ఎందుకు తప్పో అందులో ఉంది. తప్పును నా మీదికి తోయలేదు. కేంద్రం అధిపతిగా రికార్డును సరిచూడవలసింది తానేనని రాశాడు. ఆ సవరణ తర్వాత కొన్ని సభలకు ఆయన్ని పిలవడం మానేశారు. ఆ విషయం ఆయన నాతో ఎప్పుడూ ఎత్తలేదు.

కానీ ఒకచోట మాకు గట్టిగా వాదన జరిగింది. చలికాలాలు వెచ్చబడడం వల్లే ఇది జరుగుతోందని నేను ఒక పేరా రాశాను. ఆయన దాన్ని పూర్తిగా తీసేశాడు. ఏం జరిగిందో రాయమన్నాడు. భూమి వేడెక్కడం వల్లే అని చెప్పడానికి ఒక కొండ, రెండు వాగులు, ఈ కాస్త కాలం సరిపోవన్నాడు. ఒకసారి లేని కారణాన్ని నమ్మి చేతులు కాల్చుకున్నాం, అప్పుడే ఇంకో కారణాన్ని పట్టుకోవద్దన్నాడు. అప్పుడది పిరికితనమనుకున్నాను. ఇప్పుడు చూస్తే సగం మాత్రమే పిరికితనం. మిగతా సగం మంచి అలవాటు. కారణం తేలేదాకా దాని గురించి మాట్లాడకూడదన్నట్టు ఉండడం ఆయన చేసిన పొరపాటు. తేలకపోయినా, కొండ కింద మనుషులకు ఆ అనుమానం తెలియాలి.

ఆ తర్వాత దశాబ్దాల పాటు అక్కడా, ఉత్తరాది అడవుల్లో మరెన్నో చోట్లా ఎందరో కొలిచారు. మా గీతల్లో మొదట కనిపించినదే మళ్ళీ మళ్ళీ కనిపించింది. మంచు పల్చబడుతుంది, చలికాలపు వానలు పెరుగుతాయి, నీళ్ళు చెట్లకు అవసరమైన కాలం కంటే ముందే వెళ్ళిపోతాయి. చెట్లు ముందే చిగురించి, వెచ్చదనానికి మరింత తాగుతాయి. ఆగస్టు వచ్చేసరికి వాగులో రాళ్ళు తేలతాయి. వరదా కరువూ ఒకే ఏడాదిలో, ఒకే వాగులో. ఇప్పుడు షారన్‌లాంటి పిల్లలకు ఇది పాఠంగా చెబుతున్నారు. మా రికార్డు ఆ రుజువులో చాలా చిన్న ముక్క. నేను కొట్టివేసిన గీతలు అలాగే ఉండిపోతే ఆ చిన్న ముక్క కూడా ఉండేది కాదు.

మరుసటి ఏడు

వరద వచ్చిన మరుసటి ఏడాది క్లిఫర్డ్ మా కేంద్రానికి రాడనుకున్నాను. వంతెన పని ఇంకా సగంలోనే ఉంది. ఫిబ్రవరి చివర వచ్చాడు. నా ఎదురుగా కూర్చుని, కోటు విప్పకుండా, ఈసారేమంటారని అడిగాడు.

ఆ ఏడాదీ మంచు పల్చగానే ఉంది. నా దగ్గర కొత్త పట్టిక ఉన్నా దాన్ని తియ్యలేదు. మంచుచెప్పులు అవసరం లేదని చెప్పి, ఆయన్ని అడవిలోకి తీసుకెళ్ళాను. ఒక పార ఇచ్చి నేల తవ్వమన్నాను. పార మట్టిలో దిగలేదు, ఖణేలుమంది. ఇంకోచోట, దట్టమైన చెట్ల కింద మంచు మిగిలినచోట, తవ్వమన్నాను. అక్కడ పార మెత్తగా దిగింది. కొండ మీద గట్టి నేల ఎంతుందో, మెత్తటి నేల ఎంతుందో నాకు సరిగ్గా తెలియదన్నాను. వాన పడకపోతే ఏమీ కాదు, పడితే పోయినేడులాగే కావచ్చు. వాన పడుతుందో లేదో చెప్పలేను. నేల మెత్తబడేదాకా మనుషుల్ని వాగులో దించవద్దని మాత్రం చెప్పగలను. ఇదంతా ఉత్తరంలోనూ రాశాను. తెలిసింది ఒక పేజీ వచ్చింది, తెలియంది రెండు పేజీలు వచ్చింది.

క్లిఫర్డ్ పని ఆపాడు. ఆ మార్చిలో వాన పడలేదు. వాగు ఎక్కడా గట్టు దాటలేదు. ఏప్రిల్ నడుమ నేల మెత్తబడిందని కబురు చేస్తే అప్పుడు మనుషుల్ని దించాడు. ఉత్తపుణ్యానికి నెలన్నర పోగొట్టానని ఊళ్ళో నన్ను చాలామంది తిట్టుకున్నారు. క్లిఫర్డ్ కూడా ఎదురుపడినప్పుడు విసుక్కున్నాడు.

ఆ పై ఏడాది ఫిబ్రవరిలో మళ్ళీ వచ్చాడు. ఈసారి పార తనే తెచ్చుకున్నాడు.